లయబిలిటీ, ఇండెమ్నిటీ క్లాజులను విడివిడిగా చదవకూడదు

వ్యాపార ఒప్పందం చేతికి రాగానే చాలామంది ముందుగా చూసేది ధర, గడువు, చెల్లింపు షరతులు. ఆ మూడూ సరిపోతే మిగిలినదంతా లాయర్ల వ్యవహారం అనుకుని సంతకం చేసేస్తారు. అయితే ధర, గడువు వంటివి పని సవ్యంగా సాగినంతకాలమే అక్కరకు వస్తాయి. సరుకు పాడైనప్పుడు, పని మధ్యలో చెడినప్పుడు, సంబంధంలేని మూడో మనిషి ఎవరో లాయరు నోటీసు పంపినప్పుడు అందరూ తిరగేసేది చివరి పేజీల్లోని లయబిలిటీ (నష్టానికి బాధ్యత), ఇండెమ్నిటీ (ఎదుటివారికి కలిగే నష్టాన్ని భరిస్తామన్న హామీ) క్లాజులనే. జరిగే నష్టాన్ని అవి ఆపలేవు గానీ, ఆ నష్టాన్ని ఎవరు, ఎంతవరకు, ఏ పద్ధతిలో భరించాలో ముందుగానే తేల్చిపెడతాయి. ఒప్పందాలు చదవడమే పనిగా ఉన్న నాకు ఈ విషయంలో ఒక గట్టి అభిప్రాయం ఉంది: ఎక్కువ కీడు జరుగుతున్నది ఈ రెండు క్లాజుల్లో దేన్నో అర్థం చేసుకోకపోవడం వల్ల కాదు, రెండింటినీ వేర్వేరు విషయాలుగా చదవడం వల్ల. ఒక క్లాజులో బాధ్యతకు హద్దు గీసి, మరో క్లాజులో అదే హద్దును చెరిపేసిన ఒప్పందాలు తరచుగా కనిపిస్తుంటాయి.

ముందు లయబిలిటీ సంగతి చూద్దాం. ఒప్పందంలో దాని గురించి ఏమీ రాయకపోతే బాధ్యతే ఉండదని కొందరు అనుకుంటారు. వాస్తవం దీనికి పూర్తిగా విరుద్ధం. ఒప్పందం మౌనంగా ఉన్నచోట సాధారణ చట్టం మాట్లాడుతుంది, అది విధించే బాధ్యతకు అంకెలలో హద్దు ఉండదు. ఆ చట్టానికి ఇంగ్లండులో పునాది వేసినది 1854లో వచ్చిన హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ తీర్పు. గ్లాస్టర్‌లోని ఒక పిండిమర యంత్రపు ఇరుసు విరిగింది. దాన్ని నమూనాగా చూసి కొత్తది తయారు చేయడానికి గ్రీనిచ్‌కు చేర్చవలసిన రవాణాదారులు ఆలస్యం చేశారు. ఇరుసు లేక మర ఆగిపోయినన్ని రోజుల లాభాన్ని యజమానులు అడిగారు. మాట తప్పడం వల్ల మామూలుగా, సహజంగా కలిగే నష్టాన్ని గానీ, ఒప్పందం చేసుకునేనాటికే ఇరుపక్షాలూ ఊహించి ఉండగలిగిన నష్టాన్ని గానీ మాత్రమే రాబట్టుకోవచ్చని, ఇరుసు ఆలస్యమైతే మర మొత్తం ఆగిపోతుందన్న ప్రత్యేక పరిస్థితి రవాణాదారులకు తెలియదు కాబట్టి ఆ లాభం వారి నుంచి రాదని న్యాయస్థానం చెప్పింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 73వ సెక్షన్‌లో ఉన్నదీ ఈ సూత్రమే. ఎన్నో దేశాల వాణిజ్య ఒప్పందాల్లో లయబిలిటీ క్లాజు రాసేవారు, తెలిసినా తెలియకపోయినా, ఈ సూత్రం ఇచ్చే ఫలితాన్ని తగ్గించడానికో పెంచడానికో ప్రయత్నిస్తుంటారు.

తగ్గించే క్లాజు రాయడం సాధారణంగా మూడు అంచెల్లో సాగుతుంది. చెల్లించవలసిన మొత్తానికి ఒక గరిష్ఠ పరిమితి, అంటే క్యాప్ పెడతారు. కొన్ని రకాల నష్టాలను అసలు లెక్కలోకే రానివ్వరు. ఆ తరువాత ఈ రెండింటికీ మినహాయింపులు రాస్తారు. క్యాప్ అనగానే అంకె ఎంత అని అడుగుతారు గానీ, ఆ అంకెను లెక్కగట్టే పద్ధతిని పట్టించుకునేవారు తక్కువ. ‘గత పన్నెండు నెలల్లో చెల్లించిన రుసుము’ అని ఉన్నదా, ‘పన్నెండు నెలలకు చెల్లించవలసిన రుసుము’ అని ఉన్నదా చూడండి. పని మొదలైన రెండో నెలలోనే ప్రమాదం జరిగితే మొదటి పద్ధతి ప్రకారం పరిమితి ఒక్క నెల రుసుముకు పడిపోతుంది, రెండో పద్ధతి ప్రకారం ఏడాది మొత్తం లెక్కకు వస్తుంది. అలాగే ఆ పరిమితి ఒక్కొక్క క్లెయిముకు విడిగా వర్తిస్తుందా, ఒప్పందకాలం మొత్తంలో అన్ని క్లెయిములకూ కలిపి ఒక్కటేనా అన్నది కూడా రాసి ఉండాలి. క్లెయిముకు విడిగా అయితే ఐదు క్లెయిములు వచ్చినప్పుడు బాధ్యత ఐదింతలు అవుతుంది. ఈ ఒక్క పదబంధం గురించి ఒప్పందం కుదరకముందు అరగంట మాట్లాడుకోవడం, కుదిరిన తరువాత ఏళ్ల తరబడి వాదించుకోవడం కన్నా ఎంతో మేలు.

ఇక లెక్కలోకి రానివ్వని నష్టాల సంగతి. ‘లాభనష్టం (అంటే రావలసిన లాభం పోవడం) సహా ఎటువంటి పరోక్ష నష్టాలకూ బాధ్యత వహించము’ అన్న వాక్యం దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. సరఫరాదారులు దీన్ని చదివి, కొనుగోలుదారు పోగొట్టుకున్న లాభం తమ మీద పడదని నిశ్చింతగా ఉంటారు. ఆ నిశ్చింతకు గట్టి ఆధారం లేదు. ఇంగ్లీషు న్యాయస్థానాలు ‘పరోక్ష నష్టం’ అన్న మాటను చాలాకాలంగా హ్యాడ్లీ సూత్రంలోని రెండో భాగానికి, అంటే ప్రత్యేక పరిస్థితుల వల్ల కలిగే నష్టానికే పరిమితం చేస్తూ వచ్చాయి. ఆ లెక్కన యంత్రం సరిగా పనిచేయకపోతే సహజంగానే పోయే లాభం ప్రత్యక్ష నష్టం అవుతుంది. పై వాక్యం పరోక్ష నష్టాలను, వాటిలో భాగమైన లాభనష్టాన్ని మాత్రమే తీసివేస్తున్నదని, ప్రత్యక్షంగా పోయిన లాభం అలాగే మిగిలి ఉన్నదని కొనుగోలుదారు వాదించగలడు. లాభనష్టాన్ని పూర్తిగా తీసివేయాలన్నది ఉద్దేశమైతే దాన్ని ‘పరోక్ష’ అన్న మాట నీడలో దాచకుండా, ప్రత్యక్షమైనా పరోక్షమైనా బాధ్యత లేదని విడి వాక్యంగా రాయాలి. కొనుగోలుదారు పక్షాన ఉన్నవారైతే అందుకు భిన్నంగా ఏయే నష్టాలు ప్రత్యక్షమైనవిగా పరిగణించాలో పేర్లతో రాయించుకోవాలి. ప్రత్యామ్నాయ సరఫరాకు అయ్యే అదనపు ఖర్చు, పోయిన డేటాను తిరిగి నిర్మించడానికి అయ్యే ఖర్చు, పాడైన సరుకును వెనక్కి రప్పించడానికి అయ్యే ఖర్చు ఇటువంటివి.

పరిమితి రాసుకున్నంత మాత్రాన అది నిలబడుతుందన్న హామీ కూడా లేదు. దీనికి ఇంగ్లండు నుంచే రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవడం నాకు ఇష్టం. 1980లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన ఫొటో ప్రొడక్షన్ వర్సెస్ సెక్యూరికార్ తీర్పులో, రాత్రి కాపలాకు వచ్చిన సెక్యూరికార్ భద్రతా సంస్థ ఉద్యోగే ఫ్యాక్టరీలో చిన్న మంట పెట్టాడు. అది అదుపు తప్పి 6,15,000 పౌండ్ల నష్టం జరిగింది. సంస్థ తగిన జాగ్రత్తతో ముందే పసిగట్టి నివారించగలిగినవైతే తప్ప ఉద్యోగుల దుశ్చర్యలకు బాధ్యత ఉండదన్న క్లాజు ఒప్పందంలో ఉంది. రెండు పక్షాలూ సమాన స్థాయిలో బేరం చేసుకోగల వ్యాపారులని, తీసుకున్న రుసుము స్వల్పమని, ఆస్తికి బీమా చేయించుకునే వీలు ఫ్యాక్టరీకే ఎక్కువగా ఉన్నదని చూసి న్యాయస్థానం ఆ క్లాజును నిలబెట్టింది. మూడేళ్ల తరువాత, 1983లో, జార్జ్ మిచెల్ వర్సెస్ ఫిన్నీ లాక్ సీడ్స్ కేసులో సుమారు 200 పౌండ్లు పెట్టి క్యాబేజీ విత్తనాలు కొన్న రైతులకు 61,000 పౌండ్లకు పైగా నష్టం వచ్చింది. మొక్కలు మొలిచాయి గానీ అమ్మదగిన గడ్డ కట్టలేదు. విత్తనం మార్చి ఇవ్వడమో, ధర తిరిగి ఇవ్వడమో తప్ప ఇంకే బాధ్యతా లేదని షరతుల్లో ఉంది. ఆ మాటలు ఈ నష్టానికి వర్తిస్తాయని ఒప్పుకుంటూనే, అది సహేతుకమైన షరతు కాదని న్యాయస్థానం పక్కన పెట్టింది. తప్పు విత్తనం పంపడంలో నిర్లక్ష్యం ఉండటం, ధర పెద్దగా పెంచకుండానే ఇటువంటి నష్టానికి బీమా చేసుకునే అవకాశం అమ్మకందారులకు ఉండటం, సమంజసమైన ఫిర్యాదులు వచ్చినప్పుడు వారు ఈ షరతును పట్టుకుని కూర్చోకుండా రాజీ చేసుకునే అలవాటు కలిగి ఉండటం అందుకు కారణాలయ్యాయి.

రెండు తీర్పుల్లోనూ బీమా ఎవరు సులభంగా చేయించుకోగలరన్న ప్రశ్నే బరువు తూగింది. క్యాప్ ఎంత ఉండాలని నన్ను అడిగినప్పుడల్లా ముందు ఆ ప్రశ్ననే తిరిగి అడుగుతాను. చట్టం ససేమిరా ఒప్పుకోని చోట్లు మరికొన్ని ఉన్నాయి. బ్రిటన్ 1977లో చేసిన చట్టం ప్రకారం నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికి, శరీర గాయాలకు బాధ్యతను ఒప్పందంతో తప్పించుకోలేరు. జర్మన్ సివిల్ కోడ్ 276వ సెక్షన్ ప్రకారం ఉద్దేశపూర్వకంగా చేసిన తప్పుకు బాధ్యతను ముందుగానే మాఫీ చేయించుకోవడం కుదరదు. ఫ్రెంచ్ సివిల్ కోడ్ 1170వ ఆర్టికల్, ఒప్పందంలోని ప్రధాన బాధ్యతనే నీరుగార్చే క్లాజును అసలు రాయనట్టుగానే పరిగణిస్తుంది. అందుకే ఏ దేశపు చట్టం వర్తిస్తుందో చెప్పే క్లాజును కూడా ఈ పేజీతో కలిపే చదవాలి.

ఇండెమ్నిటీ స్వభావం వేరు. ఎదుటివారు మాట తప్పారని నష్టపరిహారం కోరేవారు ఆ తప్పును నిరూపించాలి, నష్టం ఊహించదగినదేనని చూపాలి, నష్టాన్ని తగ్గించుకోవడానికి తామూ తగిన ప్రయత్నం చేశామనిపించుకోవాలి. ఇండెమ్నిటీలో ఇచ్చే మాట ‘ఫలానాది జరిగితే దాని వల్ల నీకయ్యే భారాన్ని నేను మోస్తాను’ అన్నది. ఆ ఫలానాది జరగడానికి హామీ ఇచ్చినవారి తప్పే కారణం కానక్కరలేదు. పైన చెప్పిన ఊహించదగిన నష్టం, నష్టం తగ్గించుకోవడం వంటి వడపోతలు ఇక్కడ ఎంతవరకు పనిచేస్తాయన్నది చాలావరకు క్లాజులోని మాటల మీదనే ఆధారపడుతుంది. భారత చట్టంలోని 124వ సెక్షన్, హామీ ఇచ్చినవారి ప్రవర్తన వల్ల గానీ మరొకరి ప్రవర్తన వల్ల గానీ కలిగే నష్టం నుంచి కాపాడతానన్న మాటగా ఇండెమ్నిటీని నిర్వచిస్తుంది. 125వ సెక్షన్ దావాలో కట్టవలసి వచ్చిన పరిహారాన్ని, దావా ఖర్చులను, రాజీ కింద చెల్లించిన మొత్తాన్ని రాబట్టుకునే హక్కును ఇస్తుంది. ముందు తానే డబ్బు కట్టి ఆ తరువాత వచ్చి అడగాలా అన్న సందేహానికి, బాధ్యత ఖాయమైతే చాలు, కట్టేదాకా ఆగనక్కరలేదని 1942లో గజానన్ మోరేశ్వర్ కేసులో బొంబాయి హైకోర్టు జవాబు చెప్పింది.

ఇప్పుడు ఒక క్లాజును దగ్గరగా చూద్దాం. ఇటువంటి వాక్యం మీరు చూసే ఉంటారు: ‘ఈ ఒప్పందం వల్ల గానీ, దానికి సంబంధించి గానీ ఉత్పన్నమయ్యే సకల క్లెయిములు, నష్టాలు, వ్యయాలు, లాయరు ఫీజుల నుంచి కొనుగోలుదారును, అతని అనుబంధ సంస్థలను, డైరెక్టర్లను, ఉద్యోగులను, ఏజెంట్లను సరఫరాదారు కాపాడి, నష్టపూర్తి చేయవలెను.’ ఇందులో ‘దానికి సంబంధించి గానీ’ అన్న మాటలు సరఫరాదారు తప్పుతో నిమిత్తం లేకుండా తలుపు పూర్తిగా తెరిచేస్తున్నాయి. ‘సరఫరాదారు ఒప్పందాన్ని ఉల్లంఘించినందువల్ల, లేదా అతని నిర్లక్ష్యం వల్ల, ఆ మేరకు’ అని మారిస్తే తలుపు తగినంత మేరకే తెరుచుకుంటుంది; ‘ఆ మేరకు’ అన్న చిన్న మాట లేకపోతే పదో వంతు తప్పుకు పూర్తి భారం మోయవలసి రావచ్చు. ‘క్లెయిములు, నష్టాలు’ అన్నచోట ఎవరి క్లెయిములో చెప్పలేదు. మూడో పక్షం వేసే దావాలకే పరిమితం చేయకపోతే, కొనుగోలుదారు తన సొంత నష్టాన్ని కూడా ఇండెమ్నిటీ పేరుతో అడగవచ్చు; అప్పుడు నష్టపరిహార చట్టంలోని వడపోతలన్నిటినీ పక్కదారిన దాటిపోయే వీలు దొరుకుతుంది. రక్షణ పొందేవారి జాబితాలో ‘ఏజెంట్లు’ అన్నారంటే కొనుగోలుదారు పనికి పెట్టుకున్న మరో కంపెనీ కూడా అందులో చేరిపోవచ్చు.

కొనుగోలుదారు తన సొంత నిర్లక్ష్యం వల్ల జరిగినదానికి కూడా ఈ వాక్యం కింద అడగవచ్చా అన్న ప్రశ్న మిగులుతుంది. 1952 నాటి కెనడా స్టీమ్‌షిప్ తీర్పు ఇటువంటి సందర్భానిదే. మాంట్రియల్‌లో ప్రభుత్వం అద్దెకిచ్చిన సరుకుల షెడ్డును ప్రభుత్వ ఉద్యోగులే మరమ్మతు చేస్తూ గ్యాస్ టార్చి వాడగా నిప్పంటుకుని సరుకు కాలిపోయింది. అద్దె ఒప్పందంలో బాధ్యత నుంచి తప్పించే మినహాయింపు క్లాజు, ఇండెమ్నిటీ క్లాజు రెండూ ప్రభుత్వానికి అనుకూలంగానే ఉన్నా, సొంత నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చేంత స్పష్టంగా వాటిలో మాటలు లేవని లండన్‌లోని అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఆ తీర్పులోని పరీక్షలను ఇటీవలి న్యాయస్థానాలు కొంత సడలించి వాడుతున్నాయి గానీ, సందిగ్ధంగా వదిలేసిన క్లాజు ఎవరికి అనుకూలిస్తుందో ముందుగా చెప్పలేమన్న పాఠం అలాగే ఉంది. సొంత నిర్లక్ష్యం వర్తిస్తుందనో వర్తించదనో ఒక్క వాక్యం రాయించుకోవడం ఇరుపక్షాలకూ క్షేమం.

దావా వచ్చినప్పుడు ఎవరు నడపాలన్నది కూడా ఈ క్లాజులోనే ఉండాలి. డబ్బు ఒకరిది, లాయరును పెట్టుకునేది మరొకరు అయితే ఖర్చుకు పగ్గాలు ఉండవు. నోటీసు అందిన వెంటనే తెలియజేయడం, వాదనను నడిపే అధికారం డబ్బు కట్టేవారికి ఇవ్వడం, వారి అనుమతి లేకుండా రాజీ పడకపోవడం, రక్షణ పొందేవారి తరఫున తప్పు ఒప్పుకునే రాజీని వారి అనుమతి లేకుండా డబ్బు కట్టేవారు చేసుకోకపోవడం అన్న నాలుగు షరతులూ లేకుండా ఇండెమ్నిటీకి ఒప్పుకోవద్దని నేను సలహా ఇస్తాను.

మొదట చెప్పిన హద్దు, చెరిపివేత ఇక్కడే ఎదురుపడతాయి. ఇతరుల ఖాతాదారుల సమాచారాన్ని భద్రపరిచే ఒక సంస్థ ఏడాదికి 100 యూనిట్ల రుసుము తీసుకుంటున్నదనుకుందాం. ‘ఈ ఒప్పందం కింద మొత్తం బాధ్యత ఏడాది రుసుమును మించదు’ అని పదిహేనో క్లాజు చెబుతుంది. ‘సమాచారం బయటికి పొక్కడం వల్ల కలిగే సకల నష్టాలకూ నష్టపూర్తి చేయవలెను’ అని పదిహేడో క్లాజు చెబుతుంది. సమాచారం పొక్కింది. ఖాతాదారుల దావాలకు 600, విచారణకూ అందరికీ తెలియజేయడానికీ 150, నియంత్రణ సంస్థ జరిమానాకు 200 అయ్యాయి. మొత్తం 950. సంస్థ కట్టవలసినది 100 అన్నది ఒక చదువరి లెక్క, 950 అన్నది మరొక చదువరి లెక్క, రెండింటికీ ఒప్పందంలోనే ఆధారం ఉంది. పదిహేనో క్లాజు ‘ఇండెమ్నిటీ సహా’ అని చెప్పి ఉంటే, లేదా పదిహేడో క్లాజు ‘పదిహేనో క్లాజులో ఏమి ఉన్నప్పటికీ’ అని మొదలై ఉంటే వివాదమే లేదు. ఈ రెండు కొసల మధ్య నాకు నచ్చే మార్గం ఒకటుంది: ఇటువంటి పెద్ద ముప్పులకు సాధారణ పరిమితికి మించిన రెండో పరిమితి, ఏడాది రుసుముకు మూడింతలో ఐదింతలో, విడిగా పెట్టుకోవడం. ఆ అంకె సంస్థకు ఉన్న బీమా మొత్తంతో పొసగాలి. జరిమానాను ఇండెమ్నిటీ కింద మరొకరి మీదికి మార్చడాన్ని కొన్ని దేశాల చట్టం అసలు ఒప్పుకోదు కాబట్టి ఆ 200 సంగతి విడిగా తేల్చుకోవాలి.

ఒప్పందం పరస్పరమైనది కాబట్టి న్యాయమైనదే అన్న మాట బేరసారాల్లో తరచుగా వినిపిస్తుంది. రెండు పక్షాలూ ఒకే వాక్యానికి కట్టుబడినా, సమాచారమంతా ఒక పక్షం చేతిలోనే ఉన్నప్పుడు ఆ వాక్యం ఎప్పటికీ ఒకరి మీదే పనిచేస్తుంది. నిజంగా పరస్పరమైన ఏర్పాటు చమురు పరిశ్రమలో కనిపిస్తుంది: ఎవరి మనుషులకు, ఎవరి ఆస్తికి నష్టం జరిగితే, తప్పు ఎవరిదైనా సరే, వారే భరించాలన్న పద్ధతి. దీని బలం 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక ప్రమాదం తరువాత బయటపడింది. 167 మంది చనిపోయారు. వేదిక నిర్వాహకులు బాధితుల కుటుంబాలకు పరిహారం చెల్లించి, ఆయా కాంట్రాక్టర్లు తమ ఉద్యోగుల మరణాలకు ఇచ్చిన ఇండెమ్నిటీ ప్రకారం ఆ డబ్బును తిరిగి కోరారు. నిర్వాహకులకు బీమా సొమ్ము అప్పటికే వచ్చింది కాబట్టి నష్టమే లేదన్న కాంట్రాక్టర్ల వాదనను 2002లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తోసిపుచ్చింది. బీమా కంపెనీ చెల్లించినంత మాత్రాన హామీ ఇచ్చినవారి అప్పు తీరిపోదు. ఆ హక్కు బీమా కంపెనీ చేతికి వెళ్తుంది, అంతే.

దీనివల్ల ఒక పని తప్పనిసరి అవుతుంది. సంతకానికి ముందే ఇండెమ్నిటీ క్లాజును మీ బీమా ఏజెంటుకు కాకుండా పాలసీ షరతులు చదవగలిగినవారికి చూపించాలి. బాధ్యత బీమా పాలసీల్లో చాలావాటిలో, చట్టం ఎలాగూ మోపే బాధ్యతకు మించి ఒప్పందం ద్వారా నెత్తికెత్తుకున్న భారానికి రక్షణ ఉండదన్న మినహాయింపు ఉంటుంది. తప్పుతో నిమిత్తం లేని ఇండెమ్నిటీ సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. పనిలో కొంత భాగాన్ని సబ్‌కాంట్రాక్టరుకు ఇచ్చేవారు, పైనుంచి తాము ఒప్పుకున్న హామీనే కింద నుంచి కూడా రాయించుకోవాలి. అలా రాయించుకున్నా, ఆ సబ్‌కాంట్రాక్టరు కట్టలేని స్థితిలో ఉంటే మధ్యలో ఉన్నవారి మీదే భారం నిలిచిపోతుంది.

ఇండెమ్నిటీ ఒప్పందంతో పాటు ముగియదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ‘రద్దయిన తరువాత కూడా అమలులో ఉండును’ అని చెప్పే క్లాజుల జాబితాలో దాదాపు ఎల్లప్పుడూ దీని పేరు ఉంటుంది. మూడో పక్షం దావా పని పూర్తయిన ఎన్నో ఏళ్లకు రావచ్చు కాబట్టి, ఈ హామీకి రెండేళ్లో మూడేళ్లో గడువు అడగడంలో తప్పేమీ లేదు. వృత్తి బాధ్యత బీమాలో ఎక్కువగా క్లెయిము వచ్చిన నాటికి అమలులో ఉన్న పాలసీయే లెక్కలోకి వస్తుంది. పని జరిగిన నాటి పాలసీ అప్పుడు పనికిరాదు. వ్యాపారం మూసివేసినా, ఆ రకం పని మానుకున్నా, హామీకి రాసుకున్న గడువు తీరేదాకా ప్రీమియం కడుతూ పాలసీని కొనసాగించుకోవలసి ఉంటుంది, ఆ ఖర్చును ధరలో కలిపేది ఒప్పందానికి ముందే.